పోల్‌నగావర్ దండయాత్ర

పడమటి మహాసముద్రపు ఉప్పుగాలి ఆరిన బట్టలను తడుపుతూ, తడిసిన బట్టలను ఆరనివ్వకుండా పరిపాలించే మేయో కౌంటీలో, ఆగస్టు మాసపు రెండవ శుక్రవారంనాడు, కురవాలా మానాలా అని ఆకాశం ఇంకా మంతనాలాడుతున్న ప్రాతఃకాలాన, ముప్పై ఏడు సంవత్సరాలపాటు పోస్టాఫీసులో ఉత్తరాలను ఊరూరికీ విడదీసి పంపిన లేఖావిభజనధురంధర, అరకొర చిరునామాల గర్వమణచిన అక్షరకేసరి, పదవీవిరమణానంతరం పెరటిలోని ఉల్లిమడికి తప్ప మరెవరికీ భయం కలిగించే అవకాశం దొరకక విసిగివున్న వీరవనిత, శ్రీమతి ఫిలొమీనా టూహీ, కుడిచేత భూతద్దాన్నీ ఎడమచేత అడుగున్నర చెక్కస్కేలునూ ధరించి, పసుపుపచ్చ వానకోటు జిప్పును గడ్డందాకా లాగి, సమరసన్నద్ధయై గడప దాటింది.

వినదలచినవారు కుర్చీలు కాస్త దగ్గరికి జరుపుకోండి. ఇది రాజ్యం కోసం జరిగిన పోరు కాదు, రత్నాల కోసమూ కాదు. ఒక చోటు కోసం. ఆ చోటి పేరు పోల్‌నగావర్. వాళ్ళ పాతభాషలో మేకల గుంట అని అర్థం. అచ్చయిన ఏ పటంలోనూ అది లేదు.

ఇంటిముందు రథం సిద్ధంగా ఉంది. ఆకుపచ్చని చిన్న కారు. దాని ఎడమ తలుపు లోపలినుంచి మాత్రమే తెరుచుకుంటుంది. సారథ్యస్థానంలో ఆమె భర్త ఫెస్టస్ టూహీ కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఏ యుద్ధంలోనూ ఓడనివాడు. ఎందుకంటే ఏ యుద్ధంలోనూ దిగనివాడు.

"ఫ్లాస్కులో టీ పోశావా?" అని తలుపు తెరుస్తూ అడిగాడు.

"పోశాను."

"హామ్ శాండ్‌విచ్‌లు?"

"ఆరు పెట్టాను. మనం వెళ్ళేది పిక్నిక్‌కి కాదు ఫెస్టీ, యుద్ధానికి."

"యుద్ధానికైతే ఎనిమిది పెట్టాల్సింది."

రథం కదిలింది. యుద్ధకారణం ఇప్పుడు చెప్పుకోవాలి.

ఆ దేశంలో సమాధిరాతిమీద మనిషి పేరు కింద పుట్టినచోటి పేరు కూడా చెక్కించే ఆచారముంది. ఫలానా చోటి మనిషి అంటేనే అక్కడ మనిషి పూర్తయినట్టు. ఫిలొమీనా తల్లి హనోరా గడచిన నవంబరులో కన్నుమూసింది. వచ్చే ఆదివారం ఊరంతా శ్మశానంలో గుమికూడి, ఎవరి సమాధి దగ్గర వాళ్ళు నిలబడితే, ఫాదరీ వరసన నడుస్తూ అన్నిటిమీదా పవిత్రజలం చిలకరిస్తాడు. ఆనాటికి కొత్తరాయి నిలబడాలి. రాతిమీద హనోరా పేరు ఉంది, తేదీలున్నాయి, కింద ఒక్క వరుస ఖాళీగా ఉంది. ఈ రోజు సాయంత్రం నాలుగు గంటలలోగా మాట చెప్పకపోతే ఖాళీగానే పంపిస్తానని శిల్పి తేల్చిచెప్పాడు.

ఆ ఖాళీ ఈనాటిది కాదు. హనోరా ఆరేళ్ళ వయసులో, ఏడాది తిరక్కుండా క్షయరోగం తల్లినీ తండ్రినీ తీసుకుపోతే, ఇరవై మైళ్ళ దూరాన ఉన్న పిన్నిగారింటికి బండిమీద చేరింది. వెంట తెచ్చుకున్న ఆస్తి రెండు గౌన్లు, ఒక పేరు. ఇరవై రెండేళ్ళకు గెరాటీల ఇంటికి కోడలై వెళ్ళి, మీదెక్కడమ్మా అంటే పోల్‌నగావర్ అన్నది. గెరాటీలు నలభై ఎకరాలవాళ్ళు. లేని చోటునుంచి కోడలు రావడం వాళ్ళకు నచ్చలేదు. పండుగ భోజనాలయ్యాక మరదులు వంటింటి బల్లమీద జిల్లాపటం పరిచి, "ఎక్కడో చూపించు వదినా" అనేవారు. హనోరా చూసేది కాదు. లేచి కెటిల్ పొయ్యిమీద పెట్టేది. తొమ్మిదేళ్ళ ఫిలొమీనా బల్లకింద కూర్చుని, కెటిల్ చప్పుడు చేసేదాకా తల్లి కాళ్ళు కదలకుండా నిలబడి ఉండటం చూసింది.

ఆ మరదులందరూ పోయారు. ఆడబడుచు మాత్రం మిగిలింది. తొంభై ఒకటవ ఏట ప్రవేశించినా జ్ఞాపకంలో ఒక్క పన్ను కూడా ఊడని కాంసెప్టా గెరాటీ, ఫిలొమీనాకు మేనత్త, గెరాటీల సమాధిస్థలపు పత్రం దిండుకింద పెట్టుకుని నిద్రించే దుర్గాధీశ్వరి. ఆమె అనుమతి లేనిదే ఆ రాతిమీద ఈగ కూడా వాలరాదు.

"చూడవే ఫిలొమీనా," అన్నదావిడ రెండు నెలల క్రితం, జామ్ పూసిన రొట్టె ముక్కను కత్తిలా ఝళిపిస్తూ. "లేని ఊరి పేరు మా నాన్న పడుకున్నచోట చెక్కిస్తే నేను ఊరుకోను. ఆ చోటుని ఎరిగిన మనిషిని ఒక్కణ్ణి, బతికున్నవాణ్ణి, నాతో మాట్లాడించు. అప్పుడు చూద్దాం."

"మాట్లాడిస్తే ఒప్పుకుంటావా అత్తయ్యా?"

"వినడానికి ఒప్పుకుంటాను. రొట్టె తింటావా, అలా గుడ్లప్పగించి చూస్తావా?"

అంతట ఫిలొమీనా దండు కదిలింది. మొదటి రణరంగం కౌంటీ లైబ్రరీ మేడమీది పాత దస్తావేజుల గది. ఆ గదికి పాలకురాలు అట్రాక్టా మన్నియన్; పెన్నుతో వచ్చినవారిని ఒక్క చూపుతో పెన్సిలుకు దించగల ప్రతాపశాలిని. ఏడు గురువారాలు ఫిలొమీనా అక్కడ పోరాడింది. తల్లి జననపత్రంలో "పోల్‌నగావర్" అనే మాట, గుమాస్తా గొలుసురాతలో, స్పష్టంగానే ఉంది. ఏ జిల్లాలో నమోదైనదో కూడా ఉంది. లేనిదల్లా ఆ చోటే. ఊరికన్నా చిన్నవీ పొలంకన్నా పెద్దవీ అయిన నేలముక్కలకు ఆ దేశంలో టౌన్‌ల్యాండులని పేరు. అవి అరవై వేలకు పైమాటే. వాటి జాబితాను భూతద్దంతో, స్కేలు ఒక్కొక్క వరుస దించుతూ, శత్రుసైన్యాన్ని పంక్తులు పంక్తులుగా కూల్చినట్టు, ఆమె ఆసాంతం చదివింది. కొండలు వచ్చాయి, ఓక్‌వనాలు వచ్చాయి, గుర్రాల గుంటలు, నక్కల గుంటలు, ఎవరికీ తెలియని ఎవరో సన్యాసి గుంటలు వచ్చాయి. ఆ జిల్లాలో మేకలకు మాత్రం గుంట లేదు.

"జాబితాలో లేనంతమాత్రాన లేనట్టు కాదు ఫిలొమీనా గారూ," అన్నది అట్రాక్టా, ఏడవ గురువారం నాడు, జాలిపడి. "టౌన్‌ల్యాండు కడుపులో ఇంకా చిన్నచిన్న పేర్లుంటాయి. ఓ మలుపుకి, ఓ గుంటకి, నాలుగు ఇళ్ళకి. సర్వే వాళ్ళు అంత లోపలికి పోలేదు."

"మరెవరు పోయారు?"

"ఆవులు."

అదే రోజు మధ్యాహ్నం, పన్నుల పుస్తకంలో ఎలుక వదిలేసిన భాగంలో, హనోరా తండ్రి దొరికాడు. మార్టిన్ డెవెనీ, ఒక ఇల్లు, రెండెకరాల బురదనేల, డెరినాష్ టౌన్‌ల్యాండు. ఫిలొమీనా కేక వేయబోయి, గోడమీది "నిశ్శబ్దం" చూసి, కేకను మింగి, ఎక్కిళ్ళతో సరిపెట్టుకుంది.

"ఇంకేం మరి!" అన్నది అట్రాక్టా. "డెరినాష్ అని చెక్కించెయ్యండి. అది పటంలో ఉంది. ఎవరూ కాదనరు."

"మా అమ్మ ఎనభై ఏళ్ళలో ఒక్కసారి డెరినాష్ అనలేదండీ. పోల్‌నగావర్ అంది. ఆవిడ మాట నేను దిద్దనా?"

అట్రాక్టా గొంతు తగ్గించింది. "అయితే రేపు డెరినాష్ వెళ్ళి అడగండి. కాని ఒకటి. గేటు దగ్గర నిలబడి అడక్కండి."

"మరెక్కడ నిలబడి అడగాలి?"

"కూర్చుని అడగాలి."

హితవును పెడచెవిన పెట్టడం వీరుల ప్రథమలక్షణం. ముప్పై ఏడేళ్ళు కౌంటర్ మీదుగా సూటిగా అడిగి సూటిగా జవాబు రాబట్టిన ఫిలొమీనాకు, ప్రశ్నకూ కుర్చీకీ సంబంధమేమిటో అర్థం కాలేదు.

డెరినాష్ అంటే ఒకే రోడ్డు, నడుమన గడ్డి మొలిచిన రోడ్డు, నాలుగు ఇళ్ళు. శుక్రవారం పదకొండు గంటలకు ఆకుపచ్చని రథం మొదటి గేటు ముందు ఆగింది. వానకోటు, స్కేలు, మడతపెట్టిన పటం, మెడలో భూతద్దం. గేటు లోపల కోడికి మేత వేస్తున్న పెద్దమనిషి ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

"పోల్‌నగావర్ ఎక్కడండీ?"

"ఎప్పుడూ వినలేదు," అన్నాడు, ఆమె మాట పూర్తికాకముందే.

రెండవ గేటులో ఒక ఇల్లాలు. "ఎప్పుడూ వినలేదమ్మా." మూడవ గేటులో ట్రాక్టరు కింద రెండు బూట్లు. బూట్లు సైతం వినలేదన్నాయి. నాలుగవ గేటుమీద మోచేతులాన్చి, టోపీ కనుబొమలదాకా దించుకుని, ఎనభై రెండేళ్ళ జార్లత్ లావెల్ నిలబడి ఉన్నాడు. ఆమె వస్తున్న సంగతి గాలికన్నా ముందే అతనికి చేరినట్టుంది.

"ఏమండీ, ఈ చుట్టుపక్కల పోల్‌నగావర్ అని..."

"లేదు."

"నేనింకా అడగనే లేదు."

"మీరేం అడిగినా లేదు."

"మేకల గుంట, గుంట..."

"మేకల్లేవు," అన్నాడు జార్లత్. వెనక్కు తిరిగి తన పొలాన్నంతా ఒకసారి కలియజూసి, "గుంటల్లేవు" అని కూడా జోడించాడు. సరిగ్గా అప్పుడే అతని వెనక నడుస్తున్న ఆవు ఒకటి మోకాళ్ళదాకా కిందికి దిగి, మళ్ళీ పైకి లేచి, తనదారిన తాను పోయింది.

ఫిలొమీనా కారుదాకా వచ్చి బానెట్‌మీద పటం పరిచి, ఆకాశంవైపు చేయి చాచింది. ఆమె కంఠం అటు కొండనూ ఇటు ఫెస్టస్‌నూ కదిలించింది.

"ఫెస్టీ! నాలుగు ఇళ్ళు, నాలుగు నోళ్ళు, ఒకటే మాట! ఒక్కడైనా బుర్ర గోక్కోలేదు, ఒక్కడైనా 'ఆఁ, పోల్ ఏమిటీ?' అని అడగలేదు. వినని పేరైతే అడుగుతారు. వీళ్ళందరూ విన్నారు! మా అమ్మ పుట్టిన నేల వీళ్ళ నోట్లో ఉంది, ఉమ్మడానికి ఒప్పుకోవడం లేదు. ఈ చెక్కస్కేలు సాక్షిగా చెబుతున్నాను, ఆ నేలమీద ఈ రెండు బూట్లూ మోపందే నేనింటికి రాను!"

కొండ ఏమీ అనలేదు. "మరైతే శాండ్‌విచ్ ఇప్పుడే తినొచ్చా?" అన్నాడు ఫెస్టస్.

వాన మొదలైంది. అది కూడా మంతనాలు ముగించుకుని, పూర్తి మెజారిటీతో. ఇద్దరూ కార్లోకి దూరారు. ఫిలొమీనా గడియారం చూసుకుంది. పన్నెండున్నర. అద్దంమీద ఎవరో టకటక కొట్టారు. నెత్తిమీద ఎరువు బస్తా కప్పుకున్న ముసలామె, జార్లత్‌కు అక్క, ఎనభై ఏడేళ్ళ డెలియా లావెల్.

"లోపలికొచ్చి టీ తాగి వెళ్ళండి."

ఇక్కడ మీరు ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ సీమలో శత్రువునైనా, పన్నులవాడినైనా, తలుపు దగ్గర తడవనివ్వరు. పిలుస్తారు. పిలిచినవెంటనే వెళ్ళడం మహాపాపం. మూడుసార్లు కాదనాలి, మూడవ కాదుకు అవును అని అర్థం. మరి పంతం పట్టిన మనిషి నిజంగానే కాదంటే?

"వద్దండీ, ఫ్లాస్కులో ఉంది."

"ఫ్లాస్కు టీ టీ కాదు. రండి."

"నిజంగా వద్దండీ."

"నిజంగానే రండి."

"ఫిల్," అని గొణిగాడు ఫెస్టస్. నలభై ఏళ్ళలో మొట్టమొదటిసారి అతని కంఠంలో యుద్ధతంత్రం మోగింది. "రెండయ్యాయి. మూడోది మెత్తగా అను. వాళ్ళింట్లో కుర్చీలుంటాయి."

కుర్చీలు! ఫిలొమీనా చెవుల్లో అట్రాక్టా మాట పిడుగై పడింది. "అబ్బే, మీకెందుకండీ శ్రమ," అన్నది, ఆమె జీవితంలోకెల్లా మెత్తని కంఠంతో.

ఆ వంటింటి యుద్ధాన్ని వర్ణించడం నాకు శక్యం కాదు. ఓడలా లోతైన కెటిల్, ఇటుకంత రొట్టె, ఇటుకమీద ఇటుకంత వెన్న; చాలు అన్నకొద్దీ నిండే కప్పు, వద్దన్నకొద్దీ పడే హామ్ ముక్క; ఫెస్టస్ అక్కడ వీరస్వర్గం అలంకరించినంత పనిచేశాడు. ఫిలొమీనా పెదవి కొరుక్కుని, పటాన్ని తొడకింద దాచి, అడగలేదు. వాన గురించి మాట్లాడింది. గడ్డికోత గురించి మాట్లాడింది. ఈ ఏడు పోయినవాళ్ళ గురించి, ఎవరికెంతమంది వచ్చారు అన్న సంగతితో సహా మాట్లాడింది. గోడగడియారం ఒంటిగంట దాటింది, ఒంటిగంటన్నర కొట్టింది. అడగకుండా ఉండటమంత ఘోరమైన పోరాటం ఆమె ముప్పై ఏడేళ్ళ ఉద్యోగంలో ఎరగదు.

చివరికి డెలియాయే కప్పు కింద పెట్టింది. "ఇంతకీ మీరెవరి తాలూకు?"

"మా నాన్న గెరాటీ."

జార్లత్ టోపీ కొంచెం కిందికి దిగింది.

"అమ్మ డెవెనీ. హనోరా డెవెనీ."

డెలియా మెల్లగా లేచి, వచ్చి, ఫిలొమీనా గడ్డం పట్టుకుని కిటికీవైపు తిప్పి చూసింది.

"నేనూ హనోరా ఒకే బెంచీ," అన్నది. "బండి ఎక్కనని గేటు పట్టుకుంది. ఒక్కొక్క వేలూ విడదీసి ఎక్కించారు. ఆరేళ్ళ పిల్లకి అంత పట్టా అని మా అమ్మ చాలా ఏళ్ళు చెప్పుకునేది. బతికుందా?"

"నవంబర్లో పోయింది."

"అయ్యో, నా తల్లీ." డెలియా తమ్ముడివైపు తిరిగింది. "విన్నావా?"

"విన్నాను," అన్నాడు జార్లత్, గోడకేసి చూస్తూ. "అయితే టర్ఫ్ కోసమే వచ్చారన్నమాట."

"ఏ టర్ఫ్?"

అప్పుడు బయటపడింది ఆ మహారహస్యం. డెవెనీల బురదనేలలో టర్ఫ్ ఉంది. తవ్వి, ఎండబెట్టి, చలికాలమంతా పొయ్యిలో కాల్చుకునే నల్లమట్టి. డెవెనీలు పోయాక ఎవరూ రాకపోతే, పక్కింటి లావెల్‌లు ఆ ఏడు కొంచెం కోసుకున్నారు. మరుసటేడు ఇంకొంచెం. అలా ఎనభై ఏళ్ళు.

"ప్రతి ఏడూ మా నాన్న ఒక కన్ను పారమీద, ఒక కన్ను రోడ్డుమీద పెట్టి కోసేవాడు," అన్నది డెలియా. "డెవెనీల మనిషి ఎప్పుడో వస్తాడు, పటం పట్టుకుని వస్తాడు, ఎవరడిగినా ఆ పేరు వినలేదనండి అని పోయేముందు కూడా చెప్పాడు. రోడ్డంతా మాటిచ్చింది. నువ్వేమో పటం, స్కేలు, ఆ కోటు! సర్కారు కొలతలమనిషిని కూడా వెంట తెచ్చుకున్నావనుకున్నాం." ఆమె ఫెస్టస్‌ను చూపించింది. కొలతలమనిషి నాలుగో రొట్టెముక్కకు వెన్న రాసుకుంటున్నాడు.

అప్పుడు లేచింది ఫిలొమీనా. లేచి, తడి వానకోటు నేలమీద మడుగు కడుతుండగా, కుడిచేయి గుండెమీద ఉంచి, ఒక ప్రతిజ్ఞ చేసింది. జార్లత్ నోటిమాట చాలదన్నందువల్ల, ఆవులకు టీకాలు వేసిన కాగితం వెనక దాన్ని రాసింది కూడా:

"హనోరా డెవెనీ కూతురినైన నేను, పోల్‌నగావర్‌లోని టర్ఫ్ గానీ, టర్ఫ్ మీది రెల్లు గానీ, రెల్లులోని కప్ప గానీ, ఇప్పుడూ ఎప్పుడూ అడగను. నాకు పేరు మాత్రం కావాలి."

కొలతలమనిషి సాక్షి సంతకం పెట్టాడు. వెన్నమరక రాజముద్రలా దిగింది.

జార్లత్ కాగితం రెండుసార్లు చదివాడు. "పేరు పట్టుకుపోతే, మాకు మిగుల్తుందా?"

"మిగుల్తుందండీ. పేరు ఎంతమంది పట్టుకుపోయినా మిగుల్తుంది."

"అయితే పట్టుకుపోండి." అతను లేచి టోపీ పైకెత్తాడు. టోపీ కింద కళ్ళు ఉన్నాయని అప్పుడే తెలిసింది. "గంబూట్లున్నాయా?"

మూడు గంటలకు సేన కదిలింది. ముందు చేతికర్రతో జార్లత్, వెనక ఎరువు బస్తాతో డెలియా, ఆ వెనక ఫిలొమీనా, అందరికన్నా వెనక, ఎప్పటిలాగే వ్యూహాత్మకంగా, ఫెస్టస్. దారిలో విద్యుత్కంచె ఒకటి ఫిలొమీనా స్కేలును ముద్దాడింది. చెక్క గనక ఆమె బతికింది. ముళ్ళపొద ఒకటి పసుపుపచ్చ కోటును భుజందగ్గర పట్టి, చాలాసేపు చర్చించి, ఒక ముక్క ఉంచుకుని వదిలింది. దురదగొండి మోకాళ్ళమీద అగ్నివర్షం కురిపించింది. వెనక ఒకచోట "ఫిల్, నా బూటు!" అన్న ఆర్తనాదమూ, "లాగకండి, తిప్పండి!" అన్న డెలియా ఆజ్ఞా వినిపించాయి.

ఒక గట్టెక్కి జార్లత్ ఆగాడు. కర్రతో చూపించాడు.

రోడ్డునుంచి చూస్తే అక్కడ ఏమీ లేదు. గట్టెక్కి చూసినా దాదాపు ఏమీ లేదు. నేల ఒక్కసారిగా అరచేతిలా కిందికి వంగింది. అడుగున రెల్లు, ఒక మూల కూలిన గోడ, పొయ్యిరాయి, దానిమీద నాచు. గాలి లేదు. సముద్రంనుంచి ఇరవై మైళ్ళూ ఆగకుండా వచ్చే గాలి ఆ గుంట పైనుంచే దాటిపోయింది. అందుకే కాబోలు మేకలు ఒకప్పుడు అక్కడ చేరేవి, అందుకే కాబోలు ఎవరో అక్కడ ఇల్లు కట్టుకున్నారు.

ఫిలొమీనా జారుతూ, పడుతూ, అడుగుకు దిగి, పొయ్యిరాయి ముందు కదలకుండా నిలబడింది. ఫెస్టస్ సైతం ఒంటికాలిమీద గౌరవంగా నిలబడ్డాడు.

"టైమెంత?" అన్నదామె ముక్కు తుడుచుకుంటూ.

"మూడూ ముప్పై ఐదు."

కూలిన గోడమీదికెక్కి, చేయి పైకెత్తితే ఫోన్‌కు ఒక్క గీత సిగ్నల్ దొరికింది. స్పీకరు పెట్టి, మేనత్తకు ఫోన్ చేసింది.

"అత్తయ్యా, దొరికింది! నిలబడి ఉన్నాను!"

"కాళ్ళున్నవాళ్ళందరూ ఎక్కడో ఒకచోట నిలబడతారే," అన్నది కాంసెప్టా కంఠం, గుంటంతా ప్రతిధ్వనిస్తూ. "మనిషేడీ?"

జార్లత్ గట్టుమీదినుంచి అరిచాడు. "అమ్మా! లేని చోట నేను డెబ్బై ఏళ్ళుగా పశువుల్ని మేపుతున్నాను! చాలా?"

"నువ్వెవరు?"

"లావెల్! జార్లత్ లావెల్!"

అవతలి కంఠం రెండు మెట్లు పైకెక్కింది.

"సెప్టెంబర్ సంతలో మా నాన్నకి కుంటిగుర్రాన్ని అంటగట్టిన లావెల్ కొడుకువా?"

"కుంటిది కాదు! ఆ రోజు కాస్త అలిసింది!"

"పదకొండేళ్ళు అలిసింది! తిరిగిచ్చేద్దామని మా నాన్న మీ ఇంటికి పోతూ ఏదో గుంటలో దిగబడి, బూటు అక్కడే వదిలేసి, ఒంటిబూటుతో ఇంటికొచ్చాడు. నేను గేటు తీశాను!"

"ఆ గుంటే ఇది!" డెలియా చప్పట్లు చరిచింది. "ఆ బూటు మా గడపదగ్గర ఎన్నేళ్ళో ఉందమ్మా. కోడి అందులో గుడ్లు పెట్టేది!"

ఫిలొమీనా ఫోన్‌ను ఇంకొంచెం పైకెత్తింది. సిగ్నల్ గీత మాయమై, మళ్ళీ వచ్చింది.

"ఏ బూటు?" అన్నది కాంసెప్టా చివరికి. "కుడిదా, ఎడమదా?"

అక్కాతమ్ముళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. "ఎడమది," అన్నారు ఒకేసారి.



"ఎడమదే," అన్నది కాంసెప్టా. "ఊఁ. మా నాన్న బూటు మింగిన గుంట ఉన్నట్టే లెక్క. చెక్కించుకో. కాని చూడు ఫిలొమీనా, చిన్న అక్షరాలతో. మా నాన్న పేరుకన్నా పెద్దగా ఉంటే రాయిని వెనక్కి పంపిస్తాను. ఆ లావెల్‌ని అడుగు, కోడి ఎన్నేళ్ళు పెట్టిందట?"

"ఏడేళ్ళు!"

"గుర్రంకన్నా నయం," అని కాంసెప్టా ఫోన్ పెట్టేసింది.

శిల్పి రెండో రింగుకే ఎత్తాడు. పోల్‌నగావర్ అనే పేరును ఫిలొమీనా, ముప్పై ఏడేళ్ళ ఉద్యోగపు కంఠంతో, ఒక్కొక్క అక్షరమే విడదీసి, ఆ పేరుగల చోటిలోనే నిలబడి చెప్పింది. ఎంత చిన్నవి కావాలని అతనడిగాడు. నీకు చేతనైనంత చిన్నవి అన్నది. ముప్పావు అంగుళం కన్నా చిన్నవి తన ఉలికి రావన్నాడు.

ఇలా నాలుగు గంటలకు ఏడు నిమిషాల ముందు, కోటుకు భుజం లేక, మోకాళ్ళకు చర్మం మిగలక, భర్తకు ఒక బూటు లేక, అరవై వేల నేలముక్కల జాబితాను జయించి, ఒక రోడ్డు మౌనాన్ని టీతో ఛేదించి, ఎనభై ఏళ్ళ టర్ఫ్‌ను తృణప్రాయంగా త్యజించి, వీరవనిత ఫిలొమీనా టూహీ, వాళ్ళ లిపిలో పదకొండు అక్షరాల పొడవూ ముప్పావు అంగుళం ఎత్తూ గల ఒక మహాసామ్రాజ్యాన్ని తన తల్లికి సంపాదించి పెట్టింది. దిక్కులు మారుమోగలేదు. ఒక ఆవు మాత్రం గట్టుమీదికి వచ్చి, ఇంతమంది ఇక్కడేం చేస్తున్నారని కాసేపు చూసి, అడుగున పచ్చగా ఉన్న రెల్లు తినడానికి దిగింది.